ఎవరిది కాకతీయ వంశం? ఓరుగల్లు, బస్తరు రచనలలో వంశస్వీకారం

వ్యాససంగ్రహం

కాకతీయుల వంశమూలాన్ని గురించి శాసనాలు, అలంకారగ్రంథం, వచనచరిత్రలు పరస్పరం పొసగని సమాధానాలు చెబుతున్నాయి. ఒకచోట సూర్యవంశం, ఒకచోట చంద్రవంశం, ఒకచోట దుర్జయ కులం, మరొకచోట చతుర్థకులం. వీటిలో ఏది నిజమో తేల్చడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఏ రచన ఎవరిముందు నిలబడి ఏ మూలాన్ని స్వీకరించిందో పరిశీలించి, ఆ దృష్టితో బస్తరు రాజకుటుంబం చెప్పుకొనే కాకతీయ వారసత్వాన్ని తిరిగి చదవడం దీని లక్ష్యం.

కీలకపదాలు: కాకతీయులు, వంశస్వీకారం, ప్రతాపరుద్రీయం, ప్రతాపచరిత్ర, పుత్రికాపుత్రుడు, దంతెవాడ శాసనం, బస్తరు, మేడారం.

ప్రస్తావన

2022 జూలైలో వరంగల్‌లో వారం రోజులపాటు కాకతీయ వైభవ సప్తాహం జరిగింది. ఆ ఉత్సవానికి బస్తరు రాజకుటుంబానికి చెందిన కమల్‌చంద్ర భంజ్‌దేవ్‌ను కాకతీయ వంశంలో 22వ వారసుడిగా ఆహ్వానించారు. 1323లో ఓరుగల్లు కోట ఢిల్లీ సేనల వశమైన తరువాత కాకతీయుడిగా చెప్పుకొనే వ్యక్తికి ఈ నగరంలో అధికారిక స్వాగతం దొరకడం విశేషమే. స్వాగతంతోబాటే ఒక సందేహమూ వెంటవచ్చింది. ఇంటిపేరులో భంజ్‌దేవ్ అని ఉన్న వ్యక్తి కాకతీయుడెలా అవుతాడు? ప్రతాపరుద్రుడి తమ్ముడు బస్తరు వెళ్లాడనడానికి ఆధారమేమిటి?

ఈ ప్రశ్నలను చరిత్రకారులకు అప్పగించి సాహిత్య విమర్శకులు పక్కకు తప్పుకోవడం పరిపాటి. కాని ఇక్కడ ఆధారాలుగా చూపుతున్నవన్నీ రచనలే. ప్రశస్తి శ్లోకాలు, నాటకం, వచనకథ, ద్విభాషా శాసనం - ప్రతిదానికీ ఒక కర్త, ఒక శ్రోత, ఒక సందర్భం ఉన్నాయి. వంశం గురించి అవి చెప్పే మాటలను సాక్షి వాంగ్మూలాలలాగా కలిపి లెక్కించినంతకాలం వైరుధ్యాలే మిగులుతాయి. ఒక కుటుంబం తనను తాను ఫలానాగా గుర్తించుకోవడానికి చేసిన ఎంపికలుగా చదివితే అవే వైరుధ్యాలు అర్థవంతమవుతాయి. అటువంటి ఎంపికను ఈ వ్యాసం 'వంశస్వీకారం' అని వ్యవహరిస్తుంది.

ఇది కాకతీయులకో, మధ్యయుగానికో పరిమితమైన విషయం కాదు. 17వ శతాబ్దంలో స్కాట్లండ్ నుంచి ఉత్తర ఐర్లండ్‌లోని అల్‌స్టర్ ప్రాంతానికి వలసవెళ్లినవారి సంతతి, 18వ శతాబ్దంలో పెద్దసంఖ్యలో అమెరికా చేరింది. వారు స్కాట్లండ్ వారా, ఐర్లండ్ వారా? మొదట్లో ఐరిష్ అన్న పిలుపుతో వారికి పెద్ద పేచీ లేదు. 1840లనాటి కరువు మూలంగా కాథలిక్కులైన ఐరిష్ పేదలు వచ్చిపడేసరికి, వారినుంచి తమను వేరుచేసుకోవడానికి స్కాచ్-ఐరిష్ అనే జంటపేరును గట్టిగా పట్టుకున్నారు. పూర్వీకులు మారలేదు, పక్కింటివారు మారారు. 1980 అమెరికా జనగణన వంశమూలమేదో ప్రజలనే చెప్పమని అడిగింది. ఆ సమాధానాల తీరును పరిశీలించిన సామాజిక శాస్త్రవేత్త మేరీ వాటర్స్ 1990లో ప్రచురించిన గ్రంథంలో, తెల్లజాతి కుటుంబాలు తమకున్న పలు మూలాలలోంచి ఒకదాన్ని ఏరుకుంటాయని, నల్లజాతివారికి ఆ వెసులుబాటు లేదని వాదించారు. ఎంపిక ఉందని చెప్పడంతో ఆగకుండా, అది ఎవరికి ఉందని అడగడం ఆమె వాదంలోని బలం. కాకతీయుల విషయంలోనూ ఆ రెండో ప్రశ్న అవసరమవుతుంది.

మోటుపల్లిలో సూర్యుడు, బూదపురంలో నాలుగో కులం

కాకతీయుల పూర్వీకుల ప్రస్తావన ఉన్న తొలి ఆధారాలలో 956 నాటి మాంగల్లు శాసనం ముఖ్యం. తూర్పు చాళుక్య దానార్ణవుడు కాకర్త్య గుండ్యన విన్నపంమీద చేసిన దానమది. అందులో గుండ్యన పూర్వీకుల పేర్లకు రాష్ట్రకూట పదం చేరివుంది. అది వంశనామమని కొందరు, గ్రామాధికారిని సూచించే ఉద్యోగనామమని కొందరు వాదించారు. శాసనశాస్త్రంలో ఈ చర్చకు విలువ ఉంది, ఇక్కడ దాని జోలికి వెళ్లనక్కరలేదు. గమనించవలసింది ఒక్కటే: రాజ్యం స్థిరపడి, స్వతంత్రులైన తరువాత కాకతీయులు ఆ రాష్ట్రకూట పదాన్ని తమ పేర్ల చివర మోయలేదు. పనికొచ్చినంతకాలం ఉన్నది, తరువాత రాలిపోయింది.

1163 నాటి అనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం రుద్రదేవుడి స్వాతంత్ర్య ప్రకటనగా ప్రసిద్ధం. దాని బరువంతా తండ్రి ప్రోలుడు, కొడుకు రుద్రుడు గెలిచిన యుద్ధాలమీద ఉంది. గెలిచినవాడికి తాతముత్తాతల అవసరం తక్కువ. ఆ అవసరం గణపతిదేవుడి కాలంలో కలిగింది. 13వ శతాబ్ది తొలి దశకాలలో అతడు తీరాంధ్రాన్ని కలుపుకొన్నాడు. తెలంగాణ మెట్టభూముల పాలకుడు చాళుక్య, చోళ సంప్రదాయాలలో శతాబ్దాలుగా నలిగిన కృష్ణా ముఖద్వారంలో అడుగుపెట్టాడు. అక్కడి దొరలందరికీ పొడవైన వంశావళులు ఉన్నాయి.

1244 ప్రాంతపు మోటుపల్లి అభయశాసనాన్ని ఈ నేపథ్యంలో చదవాలి. తుఫానులో చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు లాగేసుకునేవారని, తాను నిర్ణీత సుంకం తప్ప ఏమీ తీసుకోనని గణపతిదేవుడు సముద్రవర్తకులకు ఇచ్చిన హామీ అందులో ఉంది. ఆ హామీకి ముందు మనువుతో మొదలై ఇక్ష్వాకు, రఘు, రాముల మీదుగా దుర్జయుడిదాకా సాగే సూర్యవంశ వర్ణన ఉంది. సుంకం గురించి చెప్పే రాయిమీద రాముడెందుకు? దేశాంతర వర్తకుడికి కాకతి ఎక్కడుందో తెలియదు, బేతరాజు ఎవరో తెలియదు. మాట తప్పని రాజుగా రఘువంశీయుడు మాత్రం సంస్కృతం చెల్లుబాటయ్యే ప్రతి రేవులోనూ తెలిసినవాడే. అభయమిచ్చేవాడి మాటకు హామీదారుగా ఆ వంశవర్ణన నిలిచింది. రుద్రమదేవి పాలనలో, 1261లో వేయించిన మల్కాపుర శాసనంలోనూ సూర్యవంశ సంబంధం కనిపిస్తుంది. అక్కడ సందర్భం వేరు. గోళకీ మఠాచార్యుడు విశ్వేశ్వర శివుడికి ఇచ్చిన దానమది. ఉత్తరదేశపు కలచురి రాజులకు దీక్షలిచ్చిన పరంపరకు చెందిన గురువు ఓరుగల్లు రాజులకు దీక్షాగురువైనప్పుడు, శిష్యుల కులం కూడా ఆ స్థాయికి తగినట్లు వర్ణితమైంది.

తీరంలో పరిస్థితి ఇది. లోపలి భూములకు వస్తే స్వరం పూర్తిగా మారుతుంది. గణపతిదేవుడి సేనాని మాల్యాల గుండన పాలమూరు ప్రాంతంలోని బూదపురం, వడ్డెమాను శాసనాలలో కాకతీయులను చతుర్థకులజులుగానే చెప్పాడు. (ఈ గుండన గోన బుద్ధారెడ్డి కుమార్తె కుప్పాంబికకు భర్త. ఆమె శాసనంవల్ల బూదపురం సాహిత్యచరిత్రలో ఎక్కినంతగా, అతడి శాసనంవల్ల కులచరిత్రలో ఎక్కలేదు.) ఏలికను తక్కువచేసి చెప్పే దురుద్దేశం ఆ సేనానికి ఉండదు, ఉన్నా రాతిమీద చెక్కించడు. విష్ణుపాదంనుంచి పుట్టిన గంగకు తోబుట్టువుగా నాలుగో కులాన్ని పొగడడం ఆనాటి తెలుగు సామంతుల ప్రశస్తులలో గౌరవప్రదమైన పద్ధతి. గుండన తన ఏలికను తనలాంటివారిలో మేటిగా చూపుతున్నాడు. మోటుపల్లి వర్ణన రాజును ప్రజలనుంచి ఎడంగా, ఎత్తులో నిలిపితే, బూదపురం వర్ణన అతడిని తన యోధుల మధ్య నిలిపింది. ఇద్దరికీ రాజు ఒక్కడే.

ఇవన్నీ కవిసమయాలే, వీటికి ఇంత అర్థం అక్కరలేదని ఒక ఆక్షేపణ రావచ్చు. కవిసమయం అనగానే విమర్శకుడి పని పూర్తికాదు. సమయాలు ఎన్నో ఉన్నప్పుడు ఒకదాన్ని తీసుకోవడం కూడా నిర్ణయమే. చతుర్థకుల ప్రశంస ఉన్న భాషలోనే సూర్యవంశ ప్రశంసా ఉంది. రెండూ తెలిసిన సమాజం ఎక్కడ ఏది వాడాలో కూడా తెలిసినదే. ప్రాచీన తెలుగు యోధకులాలలో వర్ణచిహ్నాలు ఇలా జారుడుగా ఉండేవని సింథియా టాల్బట్ 2001 నాటి గ్రంథంలో శాసనాల ఆధారంగా నిరూపించారు. ఆధునిక కులచరిత్రలు ఈ జారుడుతనాన్ని భరించలేవు. అందుకే ఒకరు మోటుపల్లిని, ఒకరు బూదపురాన్ని, మరొకరు మాంగల్లును పట్టుకొని మిగిలిన రాళ్లను పక్కనపెడుతున్నారు.

ఇన్ని మార్పుల నడుమ మారనిది ఒకటుంది. బయ్యారం చెరువు శాసనం గణపతిదేవుడి సోదరి మైలమ వేయించినది. దుర్జయ కులంలో పుట్టిన వెన్న నృపుడు కాకతి నుంచి పాలించినందువల్ల అతడి సంతతి కాకతీశులయ్యారని అది చెబుతుంది. ఇంటి ఆడపడుచు చెప్పిన మాట గనుక దానికొక ప్రత్యేకమైన దగ్గరితనం ఉంది. మనువు, రాముడు లేకుండా ఒక పూర్వుడు, ఒక ఊరు మాత్రమే ఉన్నాయి. ప్రతాపరుద్రీయానికి వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి కుమారుడు కుమారస్వామి కాకతిని ఏకశిలానగరపు దుర్గారూపంగా వివరించాడు. ఓరుగల్లు వీధుల్లో తిరిగే క్రీడాభిరామంలోనూ కాకతమ్మ ఏకవీరతోబాటు కనిపిస్తుంది. ఊరో, దేవతో, రెండూనో - సూర్యచంద్రులు వచ్చిపోయినా వంశం పేరు మాత్రం ఆ స్థానిక పదాన్ని విడవలేదు.

కూతురి కొడుకు

వంశస్వీకార సమస్య అసలు పదునెక్కింది రుద్రమదేవి తరువాత. గణపతిదేవుడికి కొడుకులు లేరు. కూతురిని రుద్రదేవ మహారాజు అని పుంలింగంలో పిలిచి రాజ్యమిచ్చాడు. ఆమె భర్త వీరభద్రుడు నిడదవోలు చాళుక్యుడు. ఆమెకూ కొడుకులు లేరు. కూతురు ముమ్మడమ్మకు, మహాదేవుడికి పుట్టిన ప్రతాపరుద్రుడిని దత్తత చేసుకుంది. 1289లో ఆమె మరణించాక అతడు రాజయ్యాడు. అంటే గణపతిదేవుడి నుంచి ప్రతాపరుద్రుడి వరకు వరసగా రెండు తరాలు స్త్రీల ద్వారా వచ్చాయి. పితృవంశమే లెక్కలోకి వస్తుందనుకుంటే రుద్రమ తరువాత కాకతీయులు లేరు. కోట బురుజులమీద, పాఠ్యపుస్తకాలలో, సినిమాలలో కాకతీయ వైభవానికి చివరి ప్రతినిధిగా నిలిచిన ప్రతాపరుద్రుడు ఆ లెక్కన కాకతీయుడే కాడు.

ఈ చిక్కు విద్యానాథుడికి తెలుసు. ప్రతాపరుద్రీయాన్ని తెలుగు విశ్వవిద్యాలయాలలో రసాలంకార నాయికానాయక లక్షణాల కోసమే చదువుతారు. లక్ష్యశ్లోకాలలో రాజస్తుతి ఉందని ఒక వాక్యంలో చెప్పి దాటేస్తారు. నాటకప్రకరణంలో ఉదాహరణగా కూర్చిన ప్రతాపరుద్రకల్యాణం అనే అయిదంకాల నాటకాన్ని రాజకీయ రచనగా చదివితే గ్రంథం మరోలా కనిపిస్తుంది. ఆ నాటకంలో కథానాయకుడి వివాహం కంటె ముందు తేలవలసిన విషయం అతడి హక్కు. కూతురి కొడుకును కొడుకుగా స్వీకరించి రాజ్యభారం అప్పగించమని స్వయంభూదేవుడు కలలో ఆదేశిస్తాడు. గణపతి కూతురికి రుద్రుడనే పేరు పెట్టి కొడుకుగా భావించిన సంగతి కూడా నాటకంలో దైవానుగ్రహంగానే వస్తుంది. స్వయంభూదేవుడు ఓరుగల్లు కోట నడిబొడ్డున, ఇవాళ నాలుగు కీర్తితోరణాలు మిగిలిన ఆలయంలోని దేవుడు, కాకతీయుల ఇలవేల్పు. వంశాన్ని రక్తం నిలపలేనిచోట ఊరి దేవుడు నిలిపాడు.

ధర్మశాస్త్రంలో దీనికి పుత్రికాపుత్రుడనే పేరు ఉంది. కొడుకులు లేని తండ్రి కూతురిని కొడుకు స్థానంలో నిలిపితే, ఆమె కొడుకు తాతగారి వంశానికి చెందుతాడు. విద్యానాథుడు శాస్త్రాన్ని ఆశ్రయించి ఊరుకోవచ్చు. కాని అతడు మరో అడుగు వేశాడు. కాకతీయ కులం సూర్యచంద్ర వంశాల ప్రశస్తిని మించినదన్నాడు. దీనిని అతిశయోక్తిగా కొట్టివేయడం సులభం. మోటుపల్లి శాసనాన్ని పక్కన పెట్టుకొని చదివితే ఇది నిర్ణయాత్మకమైన మార్పు. గణపతి కాలపు కవి కాకతీయులను సూర్యవంశంలో చేర్చాడు, అరవై డెబ్బై ఏళ్ల తరువాతి కవి ఆ రెండు వంశాలను కొలమానాలుగా మాత్రం మిగిల్చి కాకతీయులను బయటే నిలిపాడు. సూర్యచంద్ర వంశాలు రెండూ తండ్రుల వరసలు. రెండుమార్లు కూతుళ్ల ద్వారా నడిచిన కుటుంబం ఆ వరసల్లో నిలబడితే ప్రతి తరం దగ్గరా సంజాయిషీ చెప్పుకోవాలి. వాటిని మించినదంటే చెప్పుకోనక్కరలేదు. విద్యానాథుడి రాజస్తుతిలో ఇంతటి వ్యూహం ఉందని లక్షణగ్రంథ పఠనం గమనించకపోవడం విచారకరం.

ప్రతాపచరిత్ర నుంచి దంతెవాడకు

ఏకామ్రనాథుడి ప్రతాపచరిత్ర 16వ శతాబ్దపు రచనగా భావితం. తెలుగు వచన చరిత్రరచనలో తొలినాటిది. రాజ్యం పోయిన రెండు శతాబ్దాల తరువాత రాసిన ఈ గ్రంథానికి రాజుల మెప్పు అక్కరలేదు. దీనికి కావలసింది కథ. అందుకే ఇందులో వంశమూలం ప్రశస్తి శ్లోకంగా కాక, ఆపదలో పడిన స్త్రీ కథగా వస్తుంది. భర్తను పోగొట్టుకున్న గర్భిణి సిరియాలదేవి పారిపోయివచ్చి అనుమకొండలో బ్రాహ్మణుడి ఇంట తలదాచుకుంటుంది. అక్కడ పుట్టిన మాధవవర్మ పద్మాక్షీదేవి వరంతో రాజ్యం సంపాదిస్తాడు. మూలవంశం చంద్రవంశం. కాసె సర్వప్ప సిద్ధేశ్వరచరిత్ర, కూచిమంచి జగ్గకవి సోమదేవరాజీయం ఈ కథాసంప్రదాయంలోనివే. శాసనాలలోని సూర్యవంశం ఈ కథాసంప్రదాయంలో చంద్రవంశంగా మారడానికి చరిత్రకారులు పెద్ద విలువ ఇవ్వలేదు. వారి దృష్టిలో అది పొరపాటు. కాని తరువాతి కాలంలో నిలిచిందీ, ప్రయాణించిందీ ఆ 'పొరపాటే'.

ప్రతాపచరిత్ర చివర ప్రతాపరుద్రుడి కొడుకుకు పట్టంకట్టి ఈశాన్యదిశగా వెళ్లిన అన్నమదేవుడనే సోదరుడు కనిపిస్తాడు. 1703లో బస్తరు రాజు దిక్పాలదేవుడు దంతెవాడలో వేయించిన శాసనంలో ఆ పేరు మళ్లీ వినిపిస్తుంది. సంస్కృతంలో ఒక పాఠం, మైథిలీ భాషారూపంలో దాని అనువాదం. అందులో కాకతి ప్రతాపరాజు సోదరుడు అన్నమరాజు వంశకర్త. వంశం చంద్రవంశం. 1323 నుంచి 1703 వరకు 380 ఏళ్లకు శాసనం చెప్పే తరాలు ఎనిమిదే. సగటున తరానికి 47 ఏళ్లకు పైగా పడుతుంది, నమ్మడం కష్టం. టాల్బట్ కూడా ఈ కారణంతోనే వంశావళికి చారిత్రక విలువ తక్కువని, అయితే కాకతీయ గాథలు తెలిసిన తెలుగు యోధుడెవరో బస్తరు రాజ్యస్థాపకుడై ఉండవచ్చునని అభిప్రాయపడ్డారు.

ఆ ఊహకు సాహిత్యపక్షం నుంచి బలం చేకూర్చే అంశం చంద్రవంశమే. బస్తరు కుటుంబం తన జ్ఞాపకాన్ని ఓరుగల్లు రాజాస్థానం నుంచి నేరుగా తెచ్చుకొని ఉంటే, ఆ జ్ఞాపకంలో గణపతిదేవుడి కాలపు సూర్యవంశమో, విద్యానాథుడి 'వంశాతీత' ప్రశస్తో ఉండాలి. ఉన్నది చంద్రవంశం, అన్నమదేవుడు. రెండూ శాసనాలవి కావు, కథాసంప్రదాయానివి. దంతెవాడ శాసనం వెనుక ప్రతాపచరిత్ర ప్రతి ఉందనడం సాహసమవుతుంది. ఆ గ్రంథానికి ఆధారమైన మౌఖిక గాథలే గోదావరి, ఇంద్రావతి దాటివెళ్లి ఉండవచ్చు. ఏ దారిన వెళ్లినా, బస్తరు స్వీకరించినది ఓరుగల్లు రాజ్యపు కాకతీయులను కాదు, తెలుగు కథలోని కాకతీయులను. విచిత్రమేమంటే ఆ తెలుగు కథను రాతిమీదికి ఎక్కించినప్పుడు అందులో తెలుగు భాష లేదు.

భాష పోయింది, దేవత మిగిలింది. బస్తరు ఐతిహ్యం ప్రకారం దంతేశ్వరి ఓరుగల్లు నుంచి అన్నమదేవుడి వెంట వచ్చిన తల్లి. వెనుదిరిగి చూడకుండా నడువు, నా అందెల సవ్వడి వినిపిస్తూనే ఉంటుందని ఆమె చెబుతుంది. నది ఇసుకలో అందెలు మూగబోతే అతడు తిరిగి చూస్తాడు, ఆమె అక్కడే ఆగిపోతుంది. శంఖినీ, డంకినీ నదుల సంగమంలో ఆమె గుడి. ఈ కథాచట్రం ఎన్నో చోట్ల ఎందరో దేవతలకు ఉన్నదే. ఇక్కడ దాని పని వేరు. కాకతమ్మ పేరుతో బతికిన వంశం, పద్మాక్షి వరంతో పుట్టిన వంశం, ఊరు పోగొట్టుకున్నప్పుడు కూడా ఒక దేవతతోనే ప్రయాణించిందని ఆ ఐతిహ్యం చెబుతోంది.

భంజ్‌దేవ్, కాకతీయ

1921లో బస్తరు రాజు రుద్రప్రతాప్ దేవ్ మరణించాడు. కొడుకులు లేరు. కూతురు ప్రఫుల్లకుమారీ దేవి చిన్నవయసులోనే రాణి అయింది. ఆమె భర్త ప్రఫుల్లచంద్ర ఒడిశాలోని మయూర్‌భంజ్ రాజకుటుంబానికి చెందిన భంజ్‌దేవ్. 1936లో ఆమె లండన్‌లో మరణించాక కొడుకు ప్రవీర్‌చంద్రకు గద్దె దక్కింది. తండ్రి వరసన అతడు భంజుడు. ఆ కుటుంబానికి నెమలిగుడ్డు నుంచి పుట్టిన ఆదిపురుషుడి కథతో సహా సొంత పురాణం ఉంది, దానితో తృప్తిపడి ఉండవచ్చు. ప్రవీర్‌చంద్ర రెండు పేర్లూ ఉంచుకున్నాడు, భంజ్‌దేవ్ తరువాత కాకతీయ అని చేర్చుకున్నాడు. బస్తరులో తన అధికారానికి మూలం తల్లి వంశం, దంతేశ్వరి పూజారిత్వం అని అతడు ఎరుగును. రాజ్యాలు విలీనమయ్యాక అతడు మూడో గుర్తింపు వైపు జరిగాడు. ఆదివాసుల దేవుడిగా తనను తాను పేర్కొంటూ ఆంగ్లంలో పుస్తకమే రాశాడు. 1966 మార్చి 25న జగదల్‌పూర్ రాజభవనంలో పోలీసు కాల్పులలో అతడు, అతడి అనుచరులైన ఆదివాసులు మరణించారు.

2022నాటి సందేహం ఇక్కడే తిరిగివస్తుంది. ఇంటిపేరును బట్టి బస్తరు వారసుడిని కాకతీయుడు కాడనేవారు, ప్రతాపరుద్రుడిని ఏమంటారు? మహాదేవుడి కొడుకు తాతగారింటి పేరుతో రాజయినట్లే, ప్రఫుల్లచంద్ర కొడుకు అమ్మగారింటి పేరు నిలుపుకొన్నాడు. ప్రతాపరుద్రుడి సోదరుడని చెబుతున్న అన్నమదేవుడు కూడా, ఆ మాట నిజమే అయితే, ముమ్మడమ్మ కొడుకే. స్త్రీ ద్వారా వచ్చిన వారసత్వం కాకతీయ సంప్రదాయానికి విరుద్ధం కాదు, ఆ సంప్రదాయమే అది. సందేహించవలసిన చోటు వేరొకటి. 1323కూ 1703కూ నడుమ ఉన్న ఆ ఎనిమిది తరాల వంతెన బలహీనం. 22 అనే సంఖ్య రాజుల వరసా, తరాల వరసా అన్నది అడగవలసిన ప్రశ్న. ఆ ప్రశ్నను వదిలి ఇంటిపేరుమీద వాదించడంలో పనిచేస్తున్నది చరిత్ర జిజ్ఞాస కంటె, వంశం తండ్రి నుంచే వస్తుందనే ఇప్పటి అలవాటు. రుద్రమదేవికి విగ్రహాలు పెట్టిన నగరంలో ఈ అలవాటు నిలిచివుండడం గమనార్హం.

పేరుకు అవతల

వరంగల్‌లో కాకతీయ పదానికి రక్తసంబంధంతో పనిలేని జీవితం మరొకటి ఉంది. 1959లో వైద్యకళాశాల, 1976లో విశ్వవిద్యాలయం ఆ పేరు పెట్టుకున్నాయి. రాష్ట్రం ఏర్పడిన తరువాత చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ అయింది. 2014లో రాష్ట్రచిహ్నంలో కీర్తితోరణం చేరింది, 2024లో దానిని మార్చే ప్రతిపాదన రాగానే నిరసన వ్యక్తమైంది. ఆ నిరసన తెలిపినవారెవరూ అన్నమదేవుడి సంతతి కారు. తోరణం తమదనుకోవడానికి వారికి వంశావళి అవసరం కాలేదు. బయ్యారం శాసనంలో ఊరిపేరు కుటుంబం పేరయింది. ఏడున్నర శతాబ్దాల తరువాత కుటుంబం పేరు తిరిగి ఊరిదయింది.

అయితే ఈ 'ఊరు'లో అందరూ లేరు. పూర్వపు వరంగల్ జిల్లాలోనే ఉన్న మేడారంలో రెండేళ్లకొకమారు జరిగే జాతర, కప్పం కట్టలేదని దండెత్తివచ్చిన కాకతీయ సేనతో పోరాడి నేలకొరిగిన సమ్మక్క, సారలమ్మ, పగిడిద్దరాజుల స్మరణ. యుద్ధంలో గాయపడిన జంపన్న ప్రాణం విడిచిన సంపెంగవాగు జంపన్నవాగయింది. ఓరుగల్లుకు నూరు కిలోమీటర్ల దూరంలో కాకతీయ పదానికి అర్థం కప్పం వసూలుచేసే సైన్యం. ఇంద్రావతి అవతల అదే పదం, అదే గోండు, కోయ సమూహాల నడుమ, దసరాలో దంతేశ్వరి ఛత్రాన్ని మోసే రాజుది. మేడారం జాతరకు ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చే యాత్రికులలో ఈ రెండు అర్థాలూ ఎరిగినవారు ఉంటారు.

వంశాన్ని ఎంచుకునే వెసులుబాటు రాజులకు, వారి కవులకు ఉన్నంతగా ఆ యాత్రికులకు లేదన్నది వాటర్స్ ప్రశ్నకు ఇక్కడ దొరికే సమాధానంలో ఒక పాలు. మరొక పాలు దీనికి భిన్నం. కోయలకు తమ వంశగాథలు ఉన్నాయి. డోలి కళాకారులు పడిగె అనే చిత్రించిన గుడ్డను ముందుంచుకొని గోత్రాలవారీగా ఆ కథలు పాడతారు. 2022లో పద్మశ్రీ అందుకున్న సకిని రామచంద్రయ్య సమ్మక్క సారలమ్మల కథను అలాగే గానంచేసేవారు. ఆ గానంలో వంశం పాడేవాడిది కాదు, పాడించుకునేవారిది. వేల్పుల కొలుపులో ఇలవేల్పు ఎదుట, ఆ గోత్రంవారందరూ వింటుండగా పాడతారు. ప్రతాపరుద్రకల్యాణంలోని స్వయంభూదేవుడి ఆదేశాన్ని, దంతెవాడ రాతిమీది అన్నమరాజును, ఈ పడిగె గాథలను ఒకే బల్లమీద పరచి చదివితే, కాకతీయుల కథను చెప్పడంలో ఓడినవారి పాఠానికీ చోటు దొరుకుతుంది.